మేబెలత్త స్తోత్రం చెప్పిన మూడు గదులు

ఆ జులై నెలలో మా మేబెలత్త నా మూలంగా దేవుణ్ణి మూడుసార్లు ఇరకాటంలో పెట్టింది. నన్నెన్నిసార్లు పెట్టిందో నేను లెక్కపెట్టలేదు, లెక్కలు నా చదువే అయినా.

నాకు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో సీటొచ్చింది. సీటు తెచ్చుకోవడం వరకే నా తెలివి, ఉండడానికి చోటు దొరకడం ఎవరి తెలివికీ అందని వ్యవహారం అని పాలకొల్లులో రైలెక్కేటప్పుడు నాకు తెలియదు. యూనివర్సిటీ హాస్టల్ జాబితాలో నా పేరు లేదు. పీజీ హాస్టళ్లంటే మా నాన్న సైలస్ మాస్టారికి భయం. వాటి గురించి ఎవరో ఆయనకు ఏదో చెప్పారు, ఏం చెప్పారో మాత్రం మాకు చెప్పడు.

"అక్కడ మేబెల్ ఉంది కదా, గది చూస్తుంది. మేబెల్‌కి నచ్చితే నాకు నచ్చినట్టే. జులై ఆఖరుకి దొరక్కపోతే వచ్చెయ్యి, ఇక్కడ బీఈడీలో చేరుదువుగాని" అన్నాడు.

బీఈడీ చెడ్డదేం కాదు. మా ఇంట్లో నలుగురు చేశారు. కాకపోతే నాకు లెక్కలంటే ప్రాణం, పిల్లలకు లెక్కలు చెప్పడమంటే ప్రాణం పోవడం. ఈ సంగతి నాన్నకు చెబితే ఆయన ముప్పై ఏళ్ల సర్వీసును తిట్టినట్టుంటుందని చెప్పలేదు.

మేబెలత్త నాన్నకు చెల్లెలు. సికింద్రాబాద్‌లో రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. మెట్టుగూడలో ఆమెది చిన్న ఫ్లాటు. ఉన్న ఒక్క గదిలో అత్తా, రిచర్డ్ మామయ్యా పడుకుంటే హాల్లో దివాన్ మీద నేను పడుకునేదాన్ని. ఆ దివానైనా నెల రోజుల ముచ్చటే. ఆగస్టు ఒకటిన అత్త కూతురు క్యారల్ వదిన పురిటికి వస్తోంది. అప్పుడు గది ఆమెకి, హాలు అత్తా మామయ్యలకి, మిగిలిన మెట్లు నాకు. పైగా ఆ హాల్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన, మంగళవారం స్త్రీల కూటం, శుక్రవారం ఉపవాస కూటం. నేను వంటింట్లో సింకు పక్కన నిలబడి చదువుకునేదాన్ని.

అత్త నా గది పనిని భుజాన వేసుకుంది. ఆమె ఏదైనా భుజాన వేసుకుంటే ఇక ఎవరూ దింపలేరు.

మొదట చూసింది సైనిక్‌పురిలో, సుబేదార్ రోనాల్డ్ గారి ఇంటి వెనకున్న గది. ఆయన మిలటరీలో చేసి వచ్చినవాడు, అత్త వాళ్ల చర్చి సభ్యుడు. మేం వెళ్లేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. గది శుభ్రంగా ఉంది. పైన రేకులు. మంచం మీద దుప్పటి ఎంత బిగించి పరిచాడంటే, దాని మీద కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

"గేటు ఏడున్నరకి క్లోజ్. లైట్లు పదింటికి ఆఫ్. సండే మార్నింగ్ ఇన్‌స్పెక్షన్" అన్నాడాయన.

"ఇన్‌స్పెక్షన్ అంటే ఏంటంకుల్?"

"రూమ్ ఇన్‌స్పెక్షనమ్మా. పక్క ఎట్లా సర్దుకున్నావో చూస్తా. డిసిప్లిన్ పక్క దగ్గరే మొదలవుతుంది."

నేను అత్త వైపు చూశాను. అత్త గోడ తడిమింది, కుళాయి తిప్పింది, "చాలా బాగుంది బ్రదర్" అంది. తర్వాత పమిట తల మీదికి లాక్కుని, "కళ్లు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం" అంది.

"ప్రేమగల తండ్రీ, మా బిడ్డ షెకీనా కోసం నీవు ముందుగానే సిద్ధపరచిన ఈ గదిని బట్టి నీకు వందనాలు. ఈ తలుపు తెరిచినవాడవు నీవే. ఈ కుటుంబాన్ని దీవించు, వీరి రాకపోకలను కాపాడు..."

ఐదు నిమిషాలు చేసింది. రోనాల్డ్ గారు పరేడ్‌లో అన్నట్టు "ఆమెన్" అన్నారు. అక్కడి నుంచి యూనివర్సిటీకి రెండు బస్సులు, గంటన్నర. సాయంత్రం ఏడున్నరకి గేటు మూసేస్తే నేను క్లాసు మధ్యలోనే లేచి పరుగెత్తాలి.

తిరుగు బస్సులో సీటు దొరగ్గానే అడిగాను. "అత్తా, నిజంగా బాగుందా?"

"ఏం బాగు, నా మొహం బాగు! ఊరవతల. వేసవిలో ఆ రేకుల కింద అప్పడంలా వేగిపోతావు. పైగా ఆదివారం పక్కలు చూస్తాడట, పక్కలు!"

"మరి గది ఇచ్చినందుకు స్తోత్రం చెప్పావుగా?"

"దేవుడికి చెప్పాను. ఆయనకి చెప్పానా?" అంది అత్త, చాలా తేలిగ్గా.

రాత్రి భోజనాల ముందు నాన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "సైనిక్‌పురిలో చూశాం అన్నయ్యా. ప్రార్థన చేసుకుని వచ్చాం."

"సరేలే, ఇంకోటి చూడండి" అన్నాడు నాన్న.

నేను ఫోన్ లాక్కున్నాను. "గది ఎలా ఉందో అడగవా నాన్నా?"

"ఎందుకులేమ్మా" అని పెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. అడగనైనా అడగకుండా వద్దనడమేమిటి? బీఈడీ అప్లికేషన్ ఫారం తెచ్చి పెట్టుకున్నాడేమో అనిపించింది.

రెండోది మారేడ్‌పల్లిలో ప్రిసిల్లా ఆంటీ ఇల్లు. ఆమె హాస్పిటల్లో మేట్రన్‌గా చేసి రిటైరైంది, ఒంటరి మనిషి. నాకిస్తానన్న గదికి కిటికీ లేదు. బయటికి రావాలంటే ఆంటీ పడగ్గదిలోంచి రావాలి. రాత్రి మంచినీళ్లు తాగాలన్నా ఆమె మంచం దాటాల్సిందే. అత్త అన్నీ చూసి, ఆమె పెట్టిన కేకు తిని, "ఈ ఆశ్రయ దుర్గమును బట్టి" స్తోత్రం చెప్పింది. ఆటోలో కూర్చున్నాక, "గాలెక్కడినుంచి వస్తుందే అందులోకి? బైబిల్లో చేప కడుపులో పడ్డ యోనాకే ఇంతకంటే నయం" అంది.

నాన్న మళ్లీ అదే పాట: "ప్రార్థన చేసుకున్నారా? సరే, ఇంకోటి చూడండి."

మూడోది చిలకలగూడలో. చర్చి పెద్దల్లో ఒకరైన జీవరాజు గారి మేడ గది. కింద పిండిమిల్లు. మేం పైన నిలబడితే కాళ్ల కింద నేల వణుకుతోంది. "పగలే కదమ్మా, పగలు నువ్వు కాలేజీలో ఉంటావు" అన్నాడాయన. మిల్లు చప్పుడులో దేవుడికి వినపడదేమోనని అత్త గొంతు పెంచి ప్రార్థించింది. దేవుడి సంగతేమో గానీ, పిండి పట్టించుకోడానికి వచ్చినవాళ్లందరికీ నాకు గది దొరికిన సంగతి తెలిసింది. ఇంటికొచ్చాక అత్త చీర మీది పిండి దులుపుకుంటూ, "ఆ గదిలో చదివితే అక్షరాలు కూడా పిండయిపోతాయి" అంది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గది లేకుండానే మూడు గదులకు కృతజ్ఞతలు చెల్లించి ఉన్నాం. ఇది ఎక్కడో తిరగబడుతుందని నాకు భయంగానే ఉంది. అది ఆదివారం నాడే తిరగబడుతుందని మాత్రం అనుకోలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరూ టీ కప్పులు పట్టుకుని నిలబడ్డారు. రోనాల్డ్ గారు చకచకా మా దగ్గరికి వచ్చారు.

"సిస్టర్, పాప ఎప్పుడు దిగుతోంది? గేటుకి రెండో తాళంచెవి చేయించా. క్లాసులు లేటవుతాయని మా మిసెస్ గొడవ చేస్తే ఏడున్నరని ఎనిమిదిన్నర చేశా. మొన్నెవరో నర్సమ్మాయి వచ్చింది గది కోసం. ఖాళీ లేదని పంపించేశా."

పక్కనే ఉన్న ప్రిసిల్లా ఆంటీ టీ కప్పు కిందికి దించింది. "అదేంటి బ్రదర్? షెకీనా వచ్చేది మా ఇంటికి కదా! నా మంచం అవతలి గోడకి జరిపించి దారి కూడా చేయించాను."

వెనకనుంచి జీవరాజు గారు గొంతు సవరించుకున్నారు. "ఎక్కడో పొరపాటు జరిగినట్టుంది. ప్రార్థన చేసి తీసుకున్నది మా గది. మధ్యాహ్నం రెండు గంటలు మిల్లు ఆపమని నేను మిల్లు వాడితో మాట్లాడాను కూడా."

ముగ్గురూ అత్త వైపు చూశారు. అత్త నా వైపు చూసింది. నేను చూడ్డానికి ఎవరూ మిగల్లేదు గనక పైనున్న గంట వైపు చూశాను.

"నేను... విశ్వాసంతో చేశాను" అంది అత్త.

"నర్సుని నేను పంపించేసిందీ విశ్వాసంతోనే సిస్టర్" అన్నారు రోనాల్డ్ గారు.

"దేవుని సన్నిధిలో వందనాలు చెప్పాక మళ్లీ అడ్వాన్సు ఎందుకని నేను అడగలేదు" అన్నారు జీవరాజు గారు. కోపంగా అన్నా బాగుండేది. చాలా మర్యాదగా అన్నారు.

ప్రిసిల్లా ఆంటీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మంచం ఆమె ఎవరిచేత జరిపించిందో, ఎంతకాలంగా ఆ ఇంట్లో మరో మనిషి అడుగు చప్పుడు కోసం చూస్తోందో నాకప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయింది. ముగ్గురూ క్షమించండి" అంది అత్త. ఇరవై ఏళ్లుగా ఆ చర్చిలో స్త్రీలకు బైబిలు చెబుతున్న మనిషి. చుట్టూ ఆమె దగ్గర పాఠం విన్నవాళ్లే నిలబడి ఉన్నారు. అత్త టీ కప్పు అక్కడ పెట్టి, ఆటో కోసం ఆగకుండా మెట్టుగూడ దాకా నడిచింది. నేను వెనక నడిచాను.

ఇక నా గది కోసం మరింత గట్టిగా వెతుకుతుందనుకున్నాను. నెలాఖరుకి ఇంకా పది రోజులుంది. మర్నాడు క్లాసు నుంచి వచ్చేసరికి ఇంట్లో రిచర్డ్ మామయ్య ఒక్కడే ఉన్నాడు, పేపరు చదువుకుంటూ.

"అత్తేది మామయ్యా?"

"నర్సుని వెతకడానికి వెళ్లింది."

"ఏ నర్సుని?"

"రోనాల్డ్ వెనక్కి పంపించిన నర్సుని."

"పేరు తెలుసా?"

"తెలీదు."

"ఏ హాస్పిటలో?"

"అదీ తెలీదు."

"సికింద్రాబాద్‌లో ఎన్ని హాస్పిటళ్లున్నాయి మామయ్యా?"

మామయ్య పేపరు తిప్పాడు. "అదే, మీ అత్త చూసొచ్చి చెబుతుంది."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాకు గది వెతకవే అత్తా అంటే గదులకు మనుషుల్ని వెతకడం మొదలుపెట్టింది! వానలో గొడుగేసుకుని పొద్దున బయల్దేరితే సాయంత్రం ప్రార్థన వేళకు వచ్చేది, చీర కుచ్చిళ్లన్నీ బురదే. మూడో రోజుకి ఆ నర్సు దొరికింది. ఆమె వేరే గదిలో దిగిపోయిందట, కానీ ఆమె స్నేహితురాలికి సైనిక్‌పురిలోనే ఉద్యోగం. మిలటరీ కుటుంబంలో పుట్టి పెరిగిన పిల్ల, ఇన్‌స్పెక్షన్ అంటే నవ్వి గది తీసేసుకుందట. పిండిమిల్లు మీది గదికి కీబోర్డు నేర్పే ఒక మాస్టారు కుదిరాడు. ఆయన వాయించే చప్పుడుకు ఇదివరకటి ఇంటివాళ్లు ఖాళీ చేయించారు కాబట్టి మిల్లు ఆయనకు అడ్డం కాదు. ప్రిసిల్లా ఆంటీ గదికి ఊర్మిళ అనే అమ్మాయి వెళ్లింది. రాత్రిళ్లు ఆఫీసు, పగలు నిద్ర. ఆమె నిద్రకి కిటికీ లేకపోవడమే మేలు. సాయంత్రం ఆఫీసుకు వెళ్లే ముందు ఆంటీతో కూర్చుని టీ తాగుతుందట.

వారం తిరక్కుండా ముగ్గురు దిగడానికి మూడు చోట్లు చూసింది మా అత్త. దిగడానికి చోటు లేనిది నేనొక్కదాన్నే.

నా తిప్పలు నేను పడ్డాను. క్లాసయ్యాక గల్లీలన్నీ తిరిగి టు-లెట్ బోర్డుల మీది నంబర్లకు ఫోన్లు చేశాను.

"ఫ్యామిలీకే ఇస్తమమ్మా. బ్యాచిలర్స్‌కి ఇయ్యం."

"నేను అమ్మాయినండీ."

"గర్ల్స్‌కి సుత ఇయ్యం. గర్ల్స్ అంటే ఇంకా పరేషాన్."

ఒకాయన గది చూపించాక మెల్లగా, "మీరేమిట్లు?" అని కులం అడిగాడు. చెప్పాను. గది నిన్ననే వేరే వాళ్లకు మాటిచ్చిన సంగతి ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది. ఇంకొకావిడ మాంసం వండుతావా అంది, అప్పుడప్పుడూ అన్నాను, అంతే తలుపేసేసింది. ఇంటికొస్తే నాన్న ఫోన్. "ఫారం ఇవ్వడానికి శనివారమే ఆఖరమ్మా. నింపి పెట్టనా?"

క్లాసులో నా పక్కన కూర్చునే భవాని నా మొహం చూసి, "ఏందే గిట్లున్నవ్?" అంది. చెప్పాను. "అయ్యో, జెర ముందుగాల చెప్పొద్దా? మా అమ్మమ్మ వాళ్లింటి మీద రూమ్ ఖాళీనే ఉంది. పద్మారావు నగర్ల. ఇయ్యాల్నే పోదాం పా."

భవాని వాళ్ల అమ్మమ్మ విమలమ్మ గారు గడప దగ్గర చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంది. నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

"స్టాటిస్టిక్స్ అండీ. లెక్కల్లాంటిదే."

"మంచిగనె ఉంది. మా నల్లా ఏ రోజు వస్తదో, ఎన్ని గంటలకు బందయితదో లెక్క గట్టి చెప్పు. చెప్తే నీ చదువు పాసైనట్టె."

ఆ వారమంతా విన్న ప్రశ్న ఈమె నోటినుంచి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి, రాకపోయేసరికి నేనే అడిగేశాను. "నేనేం తింటానో అడగరా?"

"ఏం తింటవో నాకెందుకు? నాకు పెడ్తవా?" అంది విమలమ్మ. "మా తాన సుత ఐతారం నాడు మటన్ లేకుంటె ముద్ద దిగది."

గది మేడ మీద. బయటినుంచి ఇరుకు మెట్లు. లోపల ఒక బల్ల, దాని ఎదురుగా పెద్ద కిటికీ. కిటికీలోంచి చూస్తే వరసగా డాబాలు, ఆరేసిన బట్టలు, దూరంగా స్టేషన్‌లో రైలు కూత. అంతే, ఇంకే చప్పుడూ లేదు. యూనివర్సిటీకి ఒక్క బస్సు. నేను బల్ల ముందు కూర్చుని కిటికీ తెరిచాను. ఆ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. నాకు ఈ గది కావాలి. అంత గట్టిగా నేనేదీ కోరుకోలేదు అంతవరకూ.

"ఇస్త, నువ్వు మంచి పిల్ల లెక్కనే ఉన్నవ్" అంది విమలమ్మ. "గని పిల్లలతోని మాట ఖాయం చెయ్య. మీ పెద్దోళ్లను తోల్కరా. శుక్రారం దాక చూస్త. అటెనక వేరేటోళ్లు అడుగుతుండ్రు, ఇచ్చేస్త."

శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస కూటం ముగిసిందో లేదో అత్తని ఆటో ఎక్కించాను. ఆదివారం తర్వాత అత్త చాలా తగ్గిపోయింది. ఆటోలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని మూలకు కూర్చుంది. నా మనసంతా ఆ కిటికీ దగ్గరే ఉంది. అత్త అక్కడ కూడా పమిట తల మీదికి లాక్కుని ఐదు నిమిషాలు ప్రార్థన మొదలుపెడితే, విమలమ్మ ఏమనుకుంటుంది? మధ్యలో లేచి వెళ్లిపోతే?

"అత్తా, నీకో దణ్ణం. అక్కడ మాత్రం ప్రార్థన చెయ్యకు" అన్నాను. "నీ ప్రార్థనల వల్లే నాకు ఇవ్వాళ్టికీ గది లేదు."

రెండో మాట అనకుండా ఉండాల్సింది. అనేశాను.

అత్త బయటికి చూస్తూ, "ప్రార్థన చెయ్యొద్దని నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదే" అంది.

"అత్తా, అదికాదు..."

"నువ్వన్నది నిజమే. లోపల స్తోత్రం చెప్పేదాన్ని, బయటికొచ్చాక నచ్చలేదనేదాన్ని. నువ్వే చెప్పు షెకీ, ఏం చెయ్యమంటావు? వాళ్లు గది ఊడ్చి, కొత్త దుప్పటి పరిచి, టీ పెట్టి, మన మొహంలోకే చూస్తూ నిలబడతారు. నచ్చలేదని ఎలా అనను? ఏదో ఒకటి అనాలి కదా. కళ్లు మూసుకుంటే వాళ్ల మొహం కనపడదు."

ఆటో ముషీరాబాద్ వైపు మలుపు తిరిగింది. అత్త మోకాలి మీద చెయ్యి వేశాను. తీసెయ్యలేదు గానీ, నా వైపూ చూడలేదు.

విమలమ్మ మెట్ల కింద ఎదురొచ్చింది. "రండ్రి టీచరమ్మా. భవాని చెప్పింది మీ గురించి." అత్త గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. గదిలో కుళాయి తిప్పింది. కిటికీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. బల్ల మీద చెయ్యి పెట్టి ఊపి చూసింది. ఒక్క మాట లేదు. పమిట భుజం మీదే ఉంది. విమలమ్మ తలుపు దగ్గర నిలబడి అత్త మొహంలోకే చూస్తోంది.

చూసి చూసి ఆమే అడిగింది. "ఏంది టీచరమ్మా, మీకు నచ్చలేదా?"

"అయ్యో, అదేం లేదండీ."

"ఉన్నదే చెప్పుండ్రి. మీ కంటే ముందుగాల ఈ రూమ్ల ఇవాన్ సార్ ఉంటుండె. మీ వాళ్లే, చర్చికి పోయేటోడు. తొమ్మిదేండ్లు ఉండిండు. రూమ్ చూసిన దినమే గీడ నిలవడి ప్రార్థన చేసిండు. గప్పుడె నాకు తెలిసింది, మనిషి ఉంటడని. మీరైతే ఏం చేస్తలేరు. అంటే మా ఇల్లు మీ మనసుకు వట్టలేదనేగా?"

అత్త నా వైపు తిరిగింది. నేనే వద్దన్నాను. ఇప్పుడు నేనే చెయ్యమనాలి. కానీ అత్త ప్రార్థన చేస్తే? ఆటోలో విన్నాక, అదింక నాకు భయం. ఆమె కళ్లు మూసుకుందంటే గది నచ్చలేదనే అర్థం, నాకు ఇది పోయినట్టే.

"అత్తా, నీకు నచ్చిందా లేదా? ఆవిడకే చెప్పు" అన్నాను.

అత్త బ్యాగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. విమలమ్మ మొహంలోకి సూటిగా చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"గది బాగుందండీ. గాలి బాగుంది. మెట్లు మాత్రం నాకు నచ్చలేదు. పట్టుకోడానికి కడ్డీ లేదు. వానకి తడిస్తే పిల్ల జారిపడుతుంది. కడ్డీ వేయిస్తేనే తీసుకుంటాం" అంది. అనేసి, తనే బెదిరినట్టు ఒకడుగు వెనక్కి వేసింది.

విమలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గంతేనా? గిది చెప్పనీకి గింత సేపా? నా మోకాళ్లకు సుత తక్లీఫే అయితుంది. వచ్చే వారమే షురూ చేయిస్త. ఇగ ప్రార్థన చెయ్యుండ్రి, ఖాయం చేద్దాం."

అత్త పమిట కొంగు పట్టుకుంది, కానీ తన తలమీద వేసుకోలేదు. నా చున్నీ అంచు పట్టుకుని నా తల మీదికి లాగింది. "గది నీది. నువ్వే చెయ్యి."

నేను నలుగురిలో ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. మా ఇంట్లో నావంతు వచ్చేసరికి నాకు దగ్గొచ్చేది. "తండ్రీ" అన్నాను. ఆ నెలంతా విన్న ఆశ్రయ దుర్గాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "ఈ గది నాకు నచ్చింది. చాలా నచ్చింది. కడ్డీ వేయించేదాకా మా అత్త ఈ మెట్లెక్కేటప్పుడు పడిపోకుండా చూడు. ఆమె మాటిమాటికీ వస్తుంది. ఆమెన్."

"ఆమెన్" అంది విమలమ్మ, అత్త కంటే ముందు. అత్తది కాస్త ఆలస్యంగా వినపడింది. కళ్లు తెరిచేసరికి ఆమె పమిట కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

ఆటో ఎక్కగానే అత్త నాన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. నేను బీఈడీ ఫారాన్ని తలుచుకుంటూ పిడికిళ్లు బిగించుకున్నాను.

"అన్నయ్యా, పద్మారావు నగర్‌లో గది చూశాం."

"ప్రార్థన చేశావా మేబెల్?" అన్నాడు నాన్న.

"లేదన్నయ్యా. నచ్చింది. మెట్లకి కడ్డీ లేదని చెప్పాను."

"ఎవరితో చెప్పావు? షెకీనాతోనా?"

"ఇంటావిడతోనే. మొహం మీదే చెప్పాను."

అటువైపు నాన్న నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వడం అదే మొదలు. "అయితే ఖాయం చేసెయ్యండి. చిన్నప్పుడు ఉప్పు లేని కూరకు కూడా పెద్ద స్తోత్రం చెప్పి, ముద్ద ముట్టకుండా లేచిపోయేదానివి నువ్వు. అమ్మ వండింది కదా, బాలేదని చెప్పలేకపోయేదానివి. నువ్వు ప్రార్థన చేశానన్న ప్రతిసారీ నాకు తెలిసిపోయేది, అది నచ్చలేదని."

ఇంకోటి చూడండి, ఇంకోటి చూడండి అని నాన్న నెలంతా ఎందుకన్నాడో నాకప్పుడర్థమైంది. నేనాయన్ని మనసులో ఎన్నిమాటలన్నానో గుర్తొచ్చి మొహం వేడెక్కింది. అత్త మాత్రం ఉడుక్కుంది. "ఇవాళ ప్రార్థన లేకుండా ఏం రాలేదన్నయ్యా. షెకీనా చేసింది. మొదటిసారి, బయటికి చేసింది."

నాన్న నవ్వు టక్కున ఆగిపోయింది.

"షెకీనా చేసిందా? ఏమ్మా, నీకు నచ్చలేదా గది?" అన్నాడు కంగారుగా.

"నచ్చింది నాన్నా" అన్నాను. "దేవుడికీ అదే చెప్పాను."